'విజువల్ లెర్నర్' అని తేలింది. ఇక నోట్సు మానేసి బొమ్మలే గీయాలా?

బొమ్మాబొరుసు అడిగిన ప్రశ్న

ఆన్‌లైన్‌లో వార్క్ టెస్టు (చూసి నేర్చుకునే రకమా, వినా, చదివా, చేసా అని చెప్పే ప్రశ్నల పట్టిక) రాస్తే 'విజువల్', అంటే చూసి నేర్చుకునే రకం, అని వచ్చింది. కింద సలహా ఏమిటంటే టెక్స్ట్‌బుక్ తగ్గించి వీడియోలు, మైండ్ మ్యాపులు, రంగు పెన్నులు పెట్టుకోమని. ఇంకోచోట చూస్తే లెర్నింగ్ స్టైల్స్ (ఒక్కొక్కరికీ ఒక్కో నేర్చుకునే తీరు ఉంటుందనే వాదం) అంతా ఉత్తిదే అంటున్నారు. పరీక్షకి పది వారాలుంది. ఫిజియాలజీ ఎక్కువ, స్టాటిస్టిక్స్ కొంత.

టెస్టు ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా? వద్దంటే, రోజూ పుస్తకం ముందు కూర్చున్నాక సరిగ్గా ఏం చేయాలి? 'ఏకాగ్రతతో చదవండి', 'అర్థం చేసుకుని చదవండి' లాంటి జవాబులు దయచేసి వద్దు.

గళ్లపుస్తకం

వదిలేయండి. టెస్టు అబద్ధమేం చెప్పలేదు, మీకు బొమ్మలు ఇష్టమని చెప్పింది. ఆ సంగతి మీరే దానికి చెప్పారు. ఫలానా పని నేర్చుకోవాలంటే చదువుతారా, చూస్తారా, ఎవరినైనా అడుగుతారా అని అడిగి, మీ జవాబుల్నే కూడి మీ చేతిలో పెట్టింది. దేనితో చదివితే మీకు ఎక్కువ గుర్తుంటుందో అది ఎక్కడా కొలవలేదు.

వార్క్ ఒక్కటే కూడా కాదు. 2004లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం వెతికితే ఇలాంటి మోడళ్లు 71 దొరికాయి. చాలావాటి వెనక వినిపించేది ఒకే మాట: స్టైల్‌కి తగ్గట్టు చెబితే బాగా వస్తుంది అని. దీన్ని రుజువు చేయాలంటే ఎలాంటి ప్రయోగం కావాలో 2008లో హెరాల్డ్ పాష్లర్, రాబర్ట్ బ్యోర్క్ మరో ఇద్దరితో కలిసి తేల్చి చెప్పారు. విజువల్ అన్నవాళ్లలో సగం మందికి బొమ్మలతో, మిగతా సగానికి మాటలతో పాఠం చెప్పాలి. ఆడిటరీ (విని నేర్చుకునే రకం) అన్నవాళ్లనూ అలాగే రెండుగా చీల్చాలి. చివర్లో అందరికీ ఒకటే పరీక్ష. విజువల్ వాళ్లకి బొమ్మలతోనూ, ఆడిటరీ వాళ్లకి మాటలతోనూ మార్కులు ఎక్కువ రావాలి. రెండు గుంపులకీ బొమ్మలతోనే ఎక్కువొస్తే అది బొమ్మల గొప్ప. స్టైల్‌కి అందులో వాటా లేదు. ఈ పద్ధతిలో చేసిన పరిశోధనలే బహు తక్కువ. ఉన్న కాసిన్నిటిలో చాలావరకు స్టైల్ వాదానికి ఎదురే తిరిగాయి.

2015లో రొగావ్‌స్కీ బృందం పెద్దవాళ్ల మీద చూసింది. కొందరికి ఆడియో పుస్తకం, కొందరికి అదే భాగం తెర మీద చదవడానికి. వినడం ఇష్టమన్నవాళ్లు వింటే ఎక్కువ అర్థం చేసుకున్నదీ లేదు, చదవడం ఇష్టమన్నవాళ్లు చదివితే ఎక్కువ సాధించిందీ లేదు. వెంటనే అడిగినా, రెండు వారాలాగి అడిగినా అంతే.

మరి ఇంతమంది ఎందుకు నమ్ముతారంటారా? 2012లో ఒక సర్వేలో బ్రిటన్ టీచర్లు 93 శాతం, నెదర్లాండ్స్ టీచర్లు 96 శాతం దీనికి ఔనన్నారు. నచ్చిన రూపంలో చదివితే హాయిగా ఉంటుంది, హాయిగా ఉంటే వచ్చేసిందనిపిస్తుంది. అసలు తంటా అక్కడే.

ఖాళీకాగితం

మొదటి ప్రశ్న పైన తేలిపోయింది కాబట్టి రెండోదానికి వస్తాను.

2013లో జాన్ డన్లోస్కీ బృందం పది పద్ధతుల్ని తూకం వేసింది. పై వరుసలో నిలిచినవి రెండే: తనని తాను పరీక్షించుకోవడం, చదువుని రోజుల మీద పరచడం. మళ్లీ మళ్లీ చదవడం, హైలైటర్‌తో గీయడం, సారాంశం రాసుకోవడం అడుగున పడ్డాయి. మీ రంగు పెన్నులు కూడా ఈ లెక్కలోవే.

గుండెలో రక్తప్రసరణ పాఠం తీసుకోండి. ఒక్కసారి శ్రద్ధగా చదవండి, 20 నిమిషాలు చాలు. పుస్తకం మూసి, కంటికి కనపడకుండా పెట్టండి. తెల్లకాగితం మీద దారంతా రాయండి: కుడి కర్ణిక, అగ్రత్రయ కవాటం, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, పుపుస సిరలు, ఎడమ కర్ణిక, మిట్రల్ కవాటం, ఎడమ జఠరిక, మహాధమని. బొమ్మ గీసి బాణాలు పెట్టినా సరే, గుర్తున్నదే గీయాలి. ఆగిపోయినచోట ఓ నిమిషం పెనుగులాడండి. రాకపోతే ఖాళీ వదిలి ముందుకెళ్లండి. అయ్యాకే పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దండి. ఎర్రగా కనిపించేదే రేపటి పని. ఈ దారి రాసేటప్పుడు కర్ణిక, జఠరిక మధ్య కవాటాలు రాసి, జఠరికల నుంచి రక్తం బయటికెళ్లే చోట ఉండే రెండు కవాటాలు మర్చిపోవడం మామూలే. నేను పైన రాసిన దారిలోనూ ఆ రెండూ లేవు, కావాలనే వదిలాను. చదువుతూ పట్టుకున్నారా?

కార్డులు చేస్తే ఒక కార్డుకి ముందు ఒక ప్రశ్న, వెనక ఒక జవాబు. 'గుండె గురించి వివరించు' అన్న కార్డు చెత్తబుట్టకే. 'పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువ రక్తం ఉన్నా దాన్ని ధమని అనే ఎందుకంటారు?' (గుండె నుంచి బయటికి తీసుకెళ్తుంది కనక) అన్నది పనికొచ్చే కార్డు. అందరూ చేసే తప్పు ఒకటుంది: ప్రశ్న చదివి 'ఆ, ఇది తెలుసు' అనుకుని తిప్పేయడం. జవాబు నోటితో అనాలి, లేదా రాయాలి. తర్వాతే తిప్పాలి.

రోజుల లెక్క: చదివిన మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకి ఒకసారి, తర్వాత పదేసి రోజుల ఎడంతో. 2008లో సెపెడా బృందం చేసిన పనిలో, పరీక్ష ఎంత దూరముంటే ఎడం అంత పెరగాలని తేలింది. మీ పది వారాలకి వారం, రెండు వారాల మధ్య ఎడం సరిపోతుంది. ఒకే రోజు ఐదుసార్లు తిప్పడం కంటే ఇలా ఐదు రోజులు తిప్పడమే లాభం, పట్టే టైము ఒకటే.

బొమ్మాబొరుసు

ఇద్దరికీ థాంక్సండీ. ఒక అనుమానం. మూసి రాస్తే సగం కూడా రాదు కదా, అదే మళ్లీ చదివితే గడగడా వచ్చినట్టు ఉంటుంది. రానిదాన్ని పట్టుకుని పెనుగులాడితే టైము వృథా కాదా?

ఖాళీకాగితం

ఆ గడగడే మోసం. 2006లో రోడిగర్, కార్పికీ విద్యార్థులకి చిన్న పాఠ్యభాగాలిచ్చి, కొందరితో రెండుసార్లు చదివించారు, కొందరితో ఒకసారి చదివించి ఒకసారి గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకి 81 శాతం, రాసినవాళ్లకి 75. వారం తర్వాత తిరగబడింది: చదివినవాళ్లు 42, రాసినవాళ్లు 56. మీ పరీక్ష ఐదు నిమిషాల్లో అయితే మళ్లీ చదువుకోండి.

కాకపోతే సగం కాదు, పదింట రెండు మూడు కూడా రావడం లేదంటే పాఠం మొదటిసారి ఎక్కలేదని. అప్పుడు మాత్రం పుస్తకం తెరవాల్సిందే. ఈసారి ముక్క చిన్నది చేయండి, గుండె మొత్తం వద్దు, కుడివైపు వరకే. చదివి, మూసి, రాయండి. తర్వాత ఎడమవైపు.

దిద్దుకోవడం మాత్రం ఎగ్గొట్టకండి. తప్పు జవాబు దిద్దకుండా వదిలేస్తే అదే అలవాటవుతుంది.

చెదరకుప్ప

స్టాటిస్టిక్స్ గురించి ఎవరూ మాట్లాడలేదు. అక్కడ తెల్లకాగితం పద్ధతి ఒక్కటే సరిపోదు. సూత్రం నోటికొచ్చినా, ఏ లెక్కకి ఏ టెస్టు వాడాలో తేల్చుకోలేక పోతారు. పుస్తకంలో టి-టెస్టు (రెండు సగటుల్ని పోల్చేది) అధ్యాయం చివర ఇరవై లెక్కలుంటే ఇరవైకీ టి-టెస్టే. ఏది వాడాలో ఎంచుకునే పని అధ్యాయం పేరే చేసిపెడుతుంది, పరీక్షలో ఆ పేరు ఉండదు.

అందుకని కలిపి చేయండి. ప్రతి అధ్యాయంలో మొదట రెండు మూడు సాధించిన లెక్కలు వరుసగా చూసి, ఒక్కో అడుగు ఎందుకో మీ మాటల్లో చెప్పుకోండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఇది తప్పనిసరి. ఆ తర్వాత టి-టెస్టు, కై-స్క్వేర్ (వర్గాల లెక్కలకి), కోరిలేషన్ (రెండు కొలతల మధ్య సంబంధానికి) మూడిట్లోంచీ నాలుగేసి లెక్కలు చీటీల మీద రాసి కలిపేయండి. చీటీ తీయగానే లెక్క మొదలుపెట్టొద్దు. 'డేటా సంఖ్యలా, వర్గాలా? ఎన్ని గుంపులు? అదే మనుషుల్ని రెండుసార్లు కొలిచారా?' ఈ మూడింటికీ జవాబు రాసి, టెస్టు పేరు రాసి, అప్పుడు చేయండి. టైము లేనిరోజు పేరు వరకే చేసి ఆపినా నష్టం లేదు.

ఇలా చేస్తే తప్పులు ఎక్కువొస్తాయి, గాభరా పడొద్దు. 2007లో రోరర్, టేలర్ ఘనపరిమాణాల లెక్కలతో చూస్తే సాధనలో ఒకే రకం వరుసగా చేసినవాళ్లకి 89 శాతం, కలిపి చేసినవాళ్లకి 60. వారం తర్వాత పరీక్షలో వరుస గుంపుకి 20, కలిపిన గుంపుకి 63.

ఎర్రసిరా

గళ్లపుస్తకం గారితో చిన్న పేచీ. ఇది చదివి బొమ్మలు దండగ అనుకునేవాళ్లు తయారవుతారు. నెఫ్రాన్ (మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే సన్నని గొట్టం) ఎలా ఉంటుందో మూడు పేరాల్లో చదవడం ఎవరికైనా నరకమే, ఆడిటరీ అని తేలినవాళ్లకి కూడా. మాట, బొమ్మ కలిస్తే విడి మాటకన్నా మేలని రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చాలాసార్లు చూపించాయి. రూపాన్ని మనిషి స్టైల్ బట్టి కాదు, పాఠాన్ని బట్టి ఎంచుకోవాలి. నెఫ్రాన్‌కి బొమ్మ, గుండె చప్పుళ్లకి చెవి, నాడి పట్టడానికి చెయ్యి. చూపు, వినికిడి ఇబ్బందులున్నవాళ్లకి రూపం మార్చి ఇవ్వడం వేరే సంగతి, దాన్ని ఈ చర్చలో కలపొద్దు.

బొమ్మలోనూ తప్పులు జరుగుతాయి. భాగాల పేర్లు బొమ్మ మీదే ఉండాలి. 1, 2, 3 అని వేసి పేర్లు కింద పట్టికలో పెడితే కళ్లు అటూ ఇటూ తిరగడానికే సరిపోతుంది. వీడియోలో చెబుతున్న వాక్యాలే తెర మీద అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంటే, చదవడం, వినడం ఒకదానికొకటి అడ్డం.

గళ్లపుస్తకం

ఎర్రసిరా గారూ, పేచీ ఏమీ లేదు, నా మాటా అదే. మైండ్ మ్యాపు కూడా పుస్తకం మూసి గీస్తే పరీక్షే, తెరిచి గీస్తే కాపీ. బొమ్మాబొరుసు గారూ, గీసినవి పారేయకండి. పేర్ల మీద కాగితం ముక్కలు అంటించి, మర్నాడు ఖాళీలు నింపండి.