హవానాలోని అమెరికా ఎంబసీ: 1961 నుంచి 1977 దాకా లోపల ఏం జరిగింది?

అందరికీ నమస్కారం. క్యూబా, అమెరికా సంబంధాల మీద ఒక వ్యాసం రాస్తున్నాను, ఒక చోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు సాయం చేయగలరా?

హవానాలో సముద్రాన్ని ఆనుకుని మలెకోన్ రోడ్డు మీద 1953లో ఆ ఎంబసీ భవనం కట్టారు. 1961 జనవరి 3న అమెరికా సంబంధాలు తెంచుకుంది. అప్పుడు జెండా దించిన ముగ్గురు మెరైన్లు (ఎంబసీకి కాపలా ఉండే అమెరికా సైనికులు), 2015 ఆగస్టు 14న మళ్లీ జెండా ఎగరేసినప్పుడు అక్కడే నిలబడ్డారు. యాభై నాలుగేళ్ల తర్వాత! ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మధ్యలో 1977లో ‘ఇంటరెస్ట్స్ సెక్షన్’ పేరుతో (పూర్తి దౌత్య సంబంధాలు లేనప్పుడు ఎంబసీకి బదులుగా నడిపే కార్యాలయం) అమెరికా అధికారులు తిరిగొచ్చారు. అంతకుముందు పదహారేళ్లూ అమెరికా తరఫు పనులు స్విట్జర్లాండే చూసింది. నాకు కావలసింది ఆ కాలం సంగతులే. భవనంలో రోజువారీ పని ఎలా నడిచేది? పాత ఫైళ్లు, సామాన్లు ఎవరి చేతిలో ఉండేవి? వీసా కోసం వచ్చిన క్యూబా వాళ్లు ఎవరిని కలిసేవారు?

స్విస్ దౌత్యవేత్తల జ్ఞాపకాలు గానీ, ఇంటర్వ్యూలు గానీ ఇంగ్లిష్‌లో దొరికితే చెప్పండి. స్పానిష్ అయినా పర్వాలేదు, కూడబలుక్కుని చదువుకుంటాను.