మెయిల్ లిస్టులో పేర్లు ఇంటిపేరుతో పెట్టాలా, పిలిచే పేరుతో పెట్టాలా?

మూడో బెంచి, తిరుపతి

మా హైస్కూలు పాత విద్యార్థుల మెయిల్ లిస్టు నా చేతికొచ్చి రెండేళ్లయింది. మొత్తం 640 పేర్లు. సగం మంది తిరుపతిలోనే ఉన్నారు, మిగతావాళ్లు చిత్తూరు, మదనపల్లె, చెన్నై, బెంగళూరు, కొందరు అమెరికా. అన్నీ జీమెయిల్ కాంటాక్టుల్లోనే ఉన్నాయి, బ్యాచ్‌కొక లేబుల్ పెట్టాను. లేబుల్ పేరు కొడితే ఆ బ్యాచ్ అందరికీ మెయిల్ పోతుంది. అంతవరకు బాగానే ఉంది.

ఇబ్బందంతా సంక్రాంతి సెలవుల్లో అందరం కలిసే రోజు వస్తుంది. ఆ రోజు లిస్టు ప్రింటు తీసి గేటు దగ్గర రెండు టేబుళ్లు వేస్తాం. ఏ నుంచి కె దాకా ఒకటి, ఎల్ నుంచి జెడ్ దాకా ఇంకొకటి. వచ్చినవాళ్లు పేరు చెప్పి బ్యాడ్జి తీసుకోవాలి. పోయినసారి మాకు తెలుగు చెప్పిన అయ్యవారు వచ్చారు. పేరు మునిరత్నం కాబట్టి నేరుగా రెండో టేబుల్ దగ్గరికి పోయారు. మావాళ్లు ఎమ్ కింద పైనుంచి కిందికి రెండుసార్లు వెతికారు, లేదు. ఆయన ఇనీషియల్ సి. పేరు మొదటి టేబుల్ దగ్గరి కాగితాల్లో ఉంది. ఆ సంగతి తేలేసరికి ఇరవై నిమిషాలైంది. "కొండమీద కంపార్టుమెంటులో కూర్చోబెడితే పాలైనా ఇస్తారు కదరా" అని ఆయన నవ్వేశారు గానీ, నాకు తలెత్తి చూడ్డానికి మొహం చెల్లలేదు.

ఈసారి లిస్టంతా ఒక పద్ధతిలో పెడదామని కూర్చున్నాను. ఇంటిపేరు ప్రకారం పెట్టాలని నేనంటాను, పేరు ప్రకారం పెట్టాలని మా ఆవిడ అంటుంది. మీరేమంటారు?

గ్రీమ్స్‌పేట

ఇంటిపేరు అంటున్నావు, ఎవరి ఇంటిపేరన్నా? మా చిత్తూరు వైపు చానామందికి ఇనీషియల్ అంటే నాయన పేరు. మా నాయన పేరు గోవిందస్వామి, అందుకే నాకు జి. మా నాయనకు వాళ్ల నాయన పేరు మీద ఎమ్. నా పేరు కుమార్, అందుకని నా కొడుక్కి కె. ఒకే ఇంట్లో మూడు తరాలం, మూడు అక్షరాలు. నీ లిస్టులో మేం ముగ్గురం మూడు చోట్ల తేలతాం.

ఇది ఊరికే వచ్చిన అలవాటు కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు అన్నీ అరవం వాళ్లతో కలిసిన ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్నవే. తిరుత్తణి 1960 దాకా మనతోనే ఉండింది. అరవ పద్ధతి మన పేర్లలో అట్లే నిలబడిపోయింది. మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చి కలిశాయి. మా బ్యాచ్‌లో ఆ పక్క నుంచి వచ్చినవాళ్లు మాత్రం ఇంటిపేరే రాసేవాళ్లు. ఇప్పుడు సి అనే అక్షరం చూసి అది ఇంటిపేరో నాయన పేరో నువ్వెట్లా చెప్తావు? 640 మందికీ ఫోన్ చేస్తావా?

ఎక్సెల్ పిచ్చి

అసలు గొడవ అక్కడ కూడా కాదు. మీరు పేరు ఎట్లా ఎక్కించారు? ఒకే గడిలో మొత్తం పేరు కొట్టేసి ఉంటే, ఆఖరి మాటను 'లాస్ట్ నేమ్' కింద వేసుకోవడం ఈ సాఫ్ట్‌వేర్ల అలవాటు. ఔట్‌లుక్‌లోనూ మనం మార్చకపోతే అంతే. ఆఖర్న ఇంటిపేరు ఉండే దేశాల వాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. మన ఇంటిపేరు ముందుంటుంది, ఆఖర్న పిలిచే పేరో, రెడ్డో, నాయుడో ఉంటుంది. మీ లిస్టును ఒకసారి లాస్ట్ నేమ్ ప్రకారం సార్ట్ చేసి చూడండి, ఏం కనపడుతుందో.

ఇంకో చిక్కు ఉంది. 'సి' తర్వాత చుక్క పెట్టి, ఖాళీ వదలకుండా మునిరత్నం అని కొడితే యంత్రానికి అదంతా ఒకటే మాట. ఖాళీ వదిలితే రెండు మాటలు. ఒకే మనిషిని ఇద్దరు వేర్వేరుగా ఎక్కిస్తే రెండు చోట్ల ఉంటాడు. గూగుల్ కాంటాక్టులు డూప్లికేట్లు చూపించి కలపమని అడుగుతుంది గానీ, మెయిల్ ఐడీలు కూడా వేరైతే అది ప్రతిసారీ పట్టుకుంటుందని నమ్మకం పెట్టుకోవద్దు.

మూడో బెంచి, తిరుపతి

చేసి చూశాను. చేయకుండా ఉండాల్సింది. రెడ్డి కింద 94 మంది, నాయుడు కింద 51, తర్వాత చెట్టి, రాజు, ఆచారి. ప్రింటు తీసి గోడకు అంటిస్తే బ్యాచ్‌ను కులాల వారీగా విడగొట్టినట్టే ఉంటుంది. మా ఆవిడ చూసి "ఇదేం లిస్టు, పెళ్లిళ్ల పేరయ్య పుస్తకమా?" అంది. ఈ పద్ధతి మాత్రం వద్దు, అది ఖాయం.

లీలామహల్ సర్కిల్

ఈ కాలంలో సార్టింగ్ ఏంటి సార్? సెర్చ్ బాక్సులో నాలుగక్షరాలు కొట్టండి, వచ్చేస్తుంది. టేబుల్ మీద కాగితం బదులు ల్యాప్‌టాప్ పెట్టుకోండి.

బైరాగిపట్టెడ అక్క

ల్యాప్‌టాప్ పెడితే కొట్టేది ఒక్కరు, వరుసలో నిలబడేది వందమంది తమ్ముడూ. కాగితం నాలుగు ముక్కలు చేస్తే నలుగురు చూస్తారు. పోయిన సంవత్సరం ఆ టేబుల్ దగ్గర నేనూ కూర్చున్నాను కాబట్టి చెప్తున్నా.

ఇక అసలు విషయం. ఇంటిపేరు ప్రకారం పెడితే మా ఆడవాళ్లను ఎక్కడ వెతుకుతారు? నేను స్కూల్లో ఉన్నప్పటి ఇంటిపేరు వేరు, ఇప్పుడు ఆధార్‌లో ఉన్నది వేరు. నా స్నేహితురాలికి పెళ్లయ్యాక ఇంటిపేరు పోయి పేరు చివర భర్త పేరు చేరింది. ఇంకొకామె ఏదీ మార్చుకోలేదు. మాతో చదివినవాళ్లకు మా అత్తగారింటి పేరు ఎట్లా తెలుస్తుంది? వాళ్లకు గుర్తున్నది పద్మావతి, అలివేలు, గంగమ్మ, అంతే. పేరు ఒక్కటే మాతోపాటు చివరిదాకా వస్తుంది. దాని ప్రకారం పెట్టండి. మీ ఆవిడ చెప్పిందే సరి.

గ్రీమ్స్‌పేట

అక్క చెప్పింది నిజమే. కానీ పేరు ప్రకారం పెడితే తిరుపతిలో ఇంకో తంటా ఉంది. మూడో బెంచి అన్నా, నీ లిస్టులో శ్రీనివాసులు ఎంతమంది?

మూడో బెంచి, తిరుపతి

31 మంది. వెంకటేశులు, బాలాజీలు, గోవిందులు కాక. స్వామి కింద ఉన్న ఊరు, ఏం చేస్తాం! పోనీ, 31 మందీ ఒకచోట ఉన్నారా అంటే లేరు. ఎస్ ఆర్ ఐ అని మొదలుపెట్టేవాళ్లు కొందరు, ఎస్ ఆర్ తర్వాత రెండు ఈలు రాసేవాళ్లు కొందరు. వీళ్లిద్దరి మధ్య బోలెడన్ని వేరే పేర్లు దూరతాయి. ఎస్ తర్వాత హెచ్ పెట్టేవాళ్లు ఒకరిద్దరు ఉన్నారు, వాళ్లు ఇంకా పైకి పోయి షణ్ముగం పక్కన కూర్చున్నారు. ఆఖరి అక్షరం కొందరికి యు, ఇంకొందరికి రెండు ఓలు.

దీనివల్ల నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్తాను. పోయిన ఏడు భోజనాల డబ్బులు ఇంకా కట్టని ఒక శ్రీనివాసులుకు "రేయ్, 1,500 బాకీ ఉన్నావు, ఈసారైనా కడతావా లేదా" అని మెయిల్ కొట్టాను. రెండక్షరాలు కొట్టగానే కింద పేర్లు చూపిస్తుంది కదా, మొదటిదాన్ని నొక్కేశాను. అది పోయింది మా పాత హెడ్మాస్టరుకు. ఆయన పేరూ అదే. మరుసటిరోజు ఆయన 1,500 పంపించి "ఆలస్యానికి మన్నించాలి" అని జవాబు రాశారు. ఆయనకు నేను ఫోన్ చేయడానికి రెండు రోజులు పట్టింది.

పాత క్యాటలాగు

ముప్పై ఏళ్లు గ్రంథాలయంలో కార్డులు రాసినవాణ్ని, ఒక మాట చెప్పనివ్వండి. మీరు ఇప్పుడు పడుతున్న తగాదా మాకు ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచీ ఉండేది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కు ఎస్.ఆర్. రంగనాథన్ గారి క్యాటలాగు నియమావళి 1934లో వచ్చింది. ఆయన పేరే చూడండి. ముందున్న ఎస్ అంటే శియాళి, ఊరు. ఆర్ అంటే రామామృతం, తండ్రి. రెండింటిలో ఒక్కటీ ఇంటిపేరు కాదు. అందుకని ఆ పద్ధతిలో ఆయన్ను వెతికేది రంగనాథన్ అనే, ముందున్నవి తర్వాత బ్రాకెట్లలోకి పోతాయి. మనిషిని గుర్తుపట్టే ముఖ్యమైన మాట ముందు, తోడు మాటలు వెనక. అదీ సూత్రం. ఐస్‌లాండ్‌లో కూడా రెండో పేరు చాలామందికి తండ్రి పేరు నుంచే వస్తుంది, అందుకే అక్కడి టెలిఫోన్ డైరెక్టరీ సొంత పేరు ప్రకారం ఉండేది. వాళ్లకు లేని నామోషీ మనకెందుకు?

అయితే బైరాగిపట్టెడ అమ్మాయి చెప్పినట్టు అందరికీ ఒకే నియమం పెట్టినా కుదరదు. ఇంటిపేరుతోనే ఊరంతా పిలిచే మనుషులు ఉంటారు. అలాంటివాళ్లకు మేం రెండో కార్డు రాసేవాళ్లం, "ఫలానా చోట చూడుము" అని. ఒక మనిషి రెండుచోట్ల దొరికితే నష్టమేముంది? ఎక్కడా దొరక్కపోతేనే నష్టం.

చంద్రగిరి కోట

సార్ మాట బాగుంది. మా సంగతి కూడా కాస్త చూడండి. మా ఇళ్లలో మగవాళ్లకు షేక్ ముందుంటుంది, కొందరికి సయ్యద్. మొదటి మాట ప్రకారం పెట్టినప్పుడల్లా మేమందరం ఎస్‌లో గుంపుగా పడతాం. అందులోనూ షేక్ స్పెల్లింగు నాలుగు రకాలు, కొందరు ఎస్ కె అని రెండక్షరాలే రాస్తారు. దాన్ని ఇంటిపేరు గడిలో వేస్తే మాకు సంబంధం లేనివాళ్లందరూ చుట్టాలైపోతారు, పేరు గడిలో వేస్తే మెయిల్‌లో "డియర్ షేక్" అని వస్తుంది. నన్ను స్కూల్లో ఎవరూ షేక్ అని పిలవలేదు. బాషా అనే పిలిచారు. బి కింద పెట్టండి చాలు.

డల్లాస్ నుంచి

నాది వేరే తమాషా. నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం పేరు గివెన్ నేమ్‌లో ఉంది. వీసా ఇచ్చేటప్పుడు ఆ మొత్తం పేరును సర్‌నేమ్‌లోకి జరిపి, ముందు గడిలో ఎఫ్ ఎన్ యు అని వేశారు. 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అని దానర్థం. ఆఫీసులో నా మెయిల్ ఐడీ దాంతోనే మొదలైంది. మొదటి నెలంతా అందరూ నన్ను ఫ్నూ అన్నారు. ఇక్కడ ఇట్లాంటి ఫ్నూలు చాలామందే ఉన్నారు. దయచేసి నన్ను ఎఫ్ కింద పెట్టొద్దు.

ఎక్సెల్ పిచ్చి

క్యాటలాగు సార్ చెప్పినది ఇప్పటి పద్ధతిలో చేయొచ్చు. పేరును సార్ట్ కోసం విరగ్గొట్టకండి. మనిషి తన పేరు ఎట్లా రాసుకుంటే అట్లాగే ఒక గడిలో ఉంచండి, చుక్కలతో సహా. పక్కన ఇంకో గడి పెట్టి 'వెతికే మాట' అనండి. వరుస పెట్టేది ఆ గడి ప్రకారం. ఔట్‌లుక్‌లో 'ఫైల్ యాజ్' అన్న గడి దీనికే ఉంది. కాంటాక్టులను ఒకచోటి నుంచి ఒకచోటికి మార్చే వీకార్డు ఫైలు 2011 నాటి రూపంలో కూడా 'సార్ట్ యాజ్' అని పెట్టారు. అంటే ఈ తలనొప్పి మన ఒక్కరిదే కాదు.

మీది జీమెయిల్ కాబట్టి కాంటాక్టులను సీఎస్‌వీగా, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలుగా, ఎక్స్‌పోర్ట్ చేసి, షీట్‌లో ఆ గడి చేర్చి, ప్రింటు అక్కడి నుంచే తీయండి. వెతికే మాటకు స్పెల్లింగు మీరే ఒకటి ఖాయం చేయండి. శ్రీనివాసులందరికీ ఒకటే, జ్ఞానేశ్వరికి జి పెట్టినా జె పెట్టినా ఒకటే. వాళ్ల సొంత స్పెల్లింగు మొదటి గడిలో అట్లాగే ఉంటుంది కాబట్టి ఎవరూ నొచ్చుకోరు.

తెలుగులో ఎక్కించిన పేర్లు ఉంటే అవీ చూసుకోండి. ఇంగ్లీషు వరుసలో అవి జెడ్ దాటాక అడుగున పడతాయి. లేవనుకుని మళ్లీ ఎక్కిస్తారు, అది ఇంకో డూప్లికేట్.

గ్రీమ్స్‌పేట

అంతా తెలుగులోనే పెడితే స్పెల్లింగు గొడవే ఉండదు కదప్పా. శ్రీనివాసులు తెలుగులో ఒక్కటే.

ఎక్సెల్ పిచ్చి

ఒక్కటేనా? శ్రీనివాసులు, శ్రీనివాసులూ, సీనివాసులు. అది పక్కన పెట్టినా, టేబుల్ దగ్గర కూర్చునే పిల్లలు ఇంగ్లీషు మీడియం. 'మ' దాకా గుణింతం చెప్పుకుంటూ పోయేలోపు మునిరత్నం అయ్యవారు మళ్లీ ఎండలో ఉంటారు.

బైరాగిపట్టెడ అక్క

ఆ పిల్లల్లో ఒకడు నా కొడుకే. నిజమే చెప్పాడు.

మూడో బెంచి, తిరుపతి

మూడు రోజులు కూర్చుని 410 పేర్లకు వెతికే మాట రాశాను. పిలిచే పేరే పెట్టాను. ఇంటిపేరు పట్టు నేను వదిలేశాను, మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. శ్రీనివాసులకు మాత్రం పేరు పక్కన బ్యాచ్ సంవత్సరం, ఊరు కూడా చేర్చాను, లేకపోతే హెడ్మాస్టరుగారు మళ్లీ 1,500 కట్టేట్టున్నారు. బాషా బి కింద ఉన్నాడు. డల్లాస్ తమ్ముడు తన పేరు కిందే ఉన్నాడు. ఇంటిపేరుతోనే అందరికీ తెలిసిన ఓ పాతికమందికి క్యాటలాగు సార్ చెప్పినట్టు రెండో వరుస కూడా రాశాను.

మిగిలిన 230లో కొందరిది మెయిల్ ఐడీ తప్ప పేరే లేదు. ఒకతనిది 'లవ్లీ సీను' అని మొదలవుతుంది. ఇప్పుడు వాడు 32వ శ్రీనివాసులా, లేక లిస్టులో ఉన్నవాడే రెండోసారా?

గ్రీమ్స్‌పేట

అది నా పాత ఐడీ అన్నా. చిన్నప్పుడు ఇంట్లో సీనూ అని పిలిచేవాళ్లు. కె కిందే ఉంచు, దాన్ని తీసేయ్.