సీఆర్‌పీ 48, డీ-డైమర్ 780: బాపును అడ్మిట్ చేయాలా?

హంటర్‌రోడ్_శీను:
బాపుకు 62 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. కోవిడ్ పాజిటివ్, జ్వరం మొదలై ఐదో రోజు. ఈ రోజు రిపోర్టులు: సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పేది) 48, ఫెరిటిన్ (ఇదీ వాపుతో పెరిగేదే) 610, డీ-డైమర్ (రక్తం గడ్డకడుతోందేమో చెప్పేది) 780, తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 78 శాతం, లింఫోసైట్స్ 14 శాతం. ఆక్సిజన్ 96. డాక్టర్ రేపు పొద్దున చూస్తానన్నారు, అప్పటిదాకా టెన్షన్ ఆగట్లేదు. అడ్మిట్ చేయాలా? సీటీ తీయించాలా? హనుమకొండలో రాత్రిపూట ఇంటికొచ్చి రక్తం తీసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కాజీపేట_రమ:
ఇంకా ఆలోచిస్తున్నావా తమ్మీ? వెంటనే తీసుకుపో. 2021 మేలో మా ఆయనకు డీ-డైమర్ 0.78 వస్తేనే రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మీ బాపుది దానికి వెయ్యి రెట్లు!

ఖని_సెకండ్‌షిఫ్ట్:
అక్కా, అబ్బాయిని భయపెట్టకు. 0.78 మైక్రోగ్రాములు, 780 నానోగ్రాములు రెండూ ఒకటే.

కాజీపేట_రమ:
నాకు లెక్కలు నేర్పకు. మా ఇంట్లో జరిగింది చెబుతున్నా. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది.

సూది_మనిషి:
14 ఏళ్లుగా ల్యాబ్‌లో పని చేస్తున్నాను, నా మాట వినండి. శీనూ, డీ-డైమర్ అంకె పక్కన ఎఫ్‌ఈయూ ఉందా, డీడీయూ ఉందా? ఒకే పరీక్షకు ల్యాబులు వాడే రెండు రకాల యూనిట్లవి. డీడీయూలో 400 వచ్చినది ఎఫ్‌ఈయూలో దాదాపు 800 వస్తుంది. ముందు అది చూడకుండా భయపడి లాభం లేదు. సీఆర్‌పీ కూడా అంతే: లీటరుకు 48 మిల్లీగ్రాములు అన్నా, డెసిలీటరుకు 4.8 అన్నా ఒకటే.

మంచిర్యాల_మల్లేశ్:
ఇవన్నీ ల్యాబోళ్ల మాటలు. మా అవ్వకు డీ-డైమర్ పొద్దున ఒక చోట 410, సాయంత్రం ఇంకో చోట 830. డబుల్ అయిందని ఐసీయూలో పెట్టారు. రెండు రోజుల బిల్లు నువ్వు కడతావా?

సూది_మనిషి:
మీ అవ్వ పడ్డ కష్టానికి నాకూ బాధగా ఉంది. కానీ 410, 830 అంటే సరిగ్గా నేను చెప్పిన తేడానే. రెండు కాగితాల మీదా యూనిట్లు చూడండి. కోవిడ్ రెండో వేవ్‌లో పీపీఈ వేసుకుని రోజుకు 200 శాంపిళ్లు నడిపినోణ్ణి. దొంగ అంటే ఊరుకోను.

మంచిర్యాల_మల్లేశ్:
నేను ఎవర్నీ దొంగ అనలేదు. ఆ రాత్రి ఐసీయూ బయట అవ్వ నా చెయ్యి వదల్లేదు. నువ్వు చూడలేదు అదంతా.

జగిత్యాల_టీచర్:
ఈ అంకెల గొడవ పక్కన పెట్టండి. మా తమ్ముడికి మూడో రోజే మా ఊరి ఆర్‌ఎంపీ స్టెరాయిడ్ పొడిచాడు. అప్పటికి ఆక్సిజన్ 98. మర్నాడు షుగర్ 420! లింఫోసైట్స్ పడిపోయాయి, వైరస్ ముదిరిందనుకుని మేమంతా ఏడ్చాం. అది ఆ సూది పనే అని తర్వాత పెద్ద డాక్టర్ చెప్పారు. శీనూ, బాపుకు షుగర్ ఉంది, ఎవరు చెప్పినా తొందరపడి వేయించొద్దు.

పీజీ_రెసిడెంట్:
టీచర్ గారన్నది నిజం. 2020లో రికవరీ అనే పెద్ద కోవిడ్ మందుల ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్లకే మేలు జరిగింది, అవసరం లేనివాళ్లకు కాదు. అదే ట్రయల్ టోసిలిజుమాబ్ అనే వాపు తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చి చూసింది కూడా ఆక్సిజన్ 92 కన్నా తక్కువ ఉండో, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చో, దాంతోపాటు సీఆర్‌పీ 75 గానీ ఆపైన గానీ ఉన్నవాళ్లకే. ఒక్క సీఆర్‌పీ చూసి ఎవరూ నిర్ణయించరు. న్యూట్రోఫిల్స్ 78ని లింఫోసైట్స్ 14తో భాగిస్తే దాదాపు అయిదున్నర వస్తుంది శీనూ, అది కాస్త ఎక్కువే. అయినా మేం ముందు చూసేది ఆక్సిజన్. బాపును గదిలో ఆరు నిమిషాలు నడిపించు, నువ్వు పక్కనే ఉండు. 93 కిందికి వచ్చినా, మూడు నాలుగు పాయింట్లు పడినా, ఆయాసం వచ్చినా పొద్దుటిదాకా ఆగొద్దు. వేలికి నెయిల్ పాలిష్ ఉన్నా, చేతులు చల్లగా ఉన్నా తప్పు రీడింగ్ వస్తుంది, వెచ్చబెట్టి చూడు.

ఖని_సెకండ్‌షిఫ్ట్:
మాకు డెంగీలో ప్లేట్‌లెట్స్ 40 వేలకు పడితే ఇలాగే రాత్రంతా కూర్చున్నాం. బొప్పాయి ఆకు రసం తాగించాం.

పీజీ_రెసిడెంట్:
అది వేరే జ్వరం అన్నా, దీంతో కలపొద్దు.

కాజీపేట_రమ:
బీరువాలోంచి కాగితం తీశాను. 0.78 పక్కన మైక్రోగ్రాములనే ఉంది, కింద చిన్న అక్షరాల్లో ఎఫ్‌ఈయూ అని కూడా ఉంది. శీనూ, నిన్ను ఊరికే కంగారుపెట్టాను, ఏమనుకోకు. కానీ మా ఆయనకు ఆ రోజు ఆక్సిజన్ 89. ఆ మాట నేను ముందే చెప్పాల్సింది.

హంటర్‌రోడ్_శీను:
అక్కా, పర్వాలేదు. బాపుది కూడా ఎఫ్‌ఈయూ అనే ఉంది. నిన్న రాత్రి నడిపిస్తే 95 దగ్గర ఆగింది. పొద్దున డాక్టర్ చూసి, అడ్మిషన్ అక్కర్లేదు, సీటీ కూడా ఇప్పుడు వద్దన్నారు. ఎల్లుండి ఇదే ల్యాబ్‌లో సీఆర్‌పీ మళ్లీ చేయించమన్నారు. అయినా బాపు నిద్రపోతుంటే వేలికి క్లిప్ పెట్టి చూస్తూనే ఉన్నా.

హంటర్‌రోడ్_శీను:
అప్‌డేట్: సీఆర్‌పీ 19. ఫెరిటిన్ మాత్రం 640, అది నెమ్మదిగా దిగుతుందట. మక్క గడుక రెండు గిన్నెలు తిన్నాడు.

మంచిర్యాల_మల్లేశ్:
సంతోషం తమ్మీ. సూది అన్నా, అవ్వ రిపోర్టులు వెతికాను. 410 పక్కన డీడీయూ ఉంది. 830 పక్కన ఏమీ లేదు.

సూది_మనిషి:
ఆ ల్యాబ్‌కు పోయి ఏ కిట్ వాడారో రాసి ఇమ్మని అడుగు. చెప్పకపోతే నాకు ఫొటో పెట్టు.