టాలిలిన్ రైల్వేలో వాలంటీరుగా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్తే అండీ, మేం బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. పోయిన నెల వేల్స్‌లో టాలిలిన్ రైలెక్కాం. 1951లో ఆ లైను మూతపడబోతుంటే మామూలు జనమే పూనుకుని నిలబెట్టారు, వాలంటీర్లు నడిపిన మొదటి రైల్వే ప్రపంచంలో అదేనట. 1860ల నాటి ఇంజన్ ఇంకా పొగ వదులుతూ లాగుతుంటే, కాజీపేట రైల్వే షెడ్‌లో ఫైర్‌మన్‌గా (ఇంజన్‌లో బొగ్గు వేసే పని) చేసిన మా నాన్న గుర్తొచ్చి ఏడుపొచ్చేసింది.

నాకూ అక్కడ పనిచేయాలనుంది, కానీ నాది సాఫ్ట్‌వేర్, ఇంతవరకు స్పానర్ పట్టింది లేదు. కొత్తవాళ్లకి ముందు ఇంజన్ తుడవడం, బూడిద తీయడం లాంటి పనులిస్తారా? నెలకి ఒక్క వీకెండ్ వస్తే ఒప్పుకుంటారా? అలా వెళ్తే ఫైర్‌మన్ అవడానికి ఎన్నేళ్లు పడుతుంది? 14 ఏళ్ల మా అమ్మాయిని కూడా తీసుకెళ్లొచ్చా, తను నాకంటే ఎక్కువ తొందరపడుతోంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.