మన వీధులూ మేడలూ ఇంగ్లీషులో చెప్పాలంటే ఏ మాటలు వాడాలి?

కొబ్బరాకు: ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష స్పీకింగ్ రెండో భాగంలో వీధి గురించో బిల్డింగు గురించో అడిగితే, నిమిషం ఆలోచించుకోనిచ్చి రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు కదండీ. ‘బిగ్ రోడ్, మెనీ షాప్స్’ తర్వాత ఏం చెప్పాలి? కాకినాడ మెయిన్ రోడ్డే అనుకోండి.

లాకుసెంటర్: ముందు ‘ఎదురుగా’ సంగతి తేల్చుకోండి. బ్యాంకుకి ఎదురుగా కిళ్ళీకొట్టు అంటే మనకి రోడ్డు అవతల. దాన్ని ‘ఇన్ ఫ్రంట్ ఆఫ్ ద బ్యాంక్’ అన్నారా, కొట్టు బ్యాంకు గుమ్మం ముందే ఉందనుకుంటారు. రోడ్డు దాటాలంటే ‘అపోజిట్ ద బ్యాంక్’. మధ్యలో ‘టు’ అక్కర్లేదు. ‘సెంటర్’ కూడా అంతే. మనకి నాలుగు రోడ్లు కలిస్తే సెంటరు, వాళ్ళకి ఊరి నడిబొడ్డు. కాకినాడ భానుగుడి సెంటర్ని జంక్షన్ అనండి చాలు.

డ్రాఫ్ట్స్‌మన్_భీమవరం: జీ ప్లస్ టూ (గ్రౌండ్ ఫ్లోరు, దాని మీద రెండంతస్తులు) అనేది మన ప్లాన్ల భాష. బయటివాళ్ళకి ‘ఎ త్రీ స్టోరీ బిల్డింగ్’ అని చెప్పాలి, గ్రౌండ్ ఫ్లోర్ కూడా లెక్కలోకి వస్తుంది. అలా బిల్డింగు ముందు పెట్టినప్పుడు స్టోరీకి బహువచనం రాదు. అమెరికాలో ఫస్ట్ ఫ్లోర్ అంటే నేలమీదదే, బ్రిటన్‌లో మనలాగే మెట్లెక్కితే వచ్చేది. డాబా మీద రేకుల గదిని మాత్రం పెంట్‌హౌస్ అనకండి బాబూ, కోటీశ్వరుల ఫ్లాట్ అనుకుంటారు! ‘ఎ రూమ్ ఆన్ ద రూఫ్’ అంటే సరి. ఇంగ్లండులో ‘టెర్రస్డ్ హౌస్’ అంటే గోడకి గోడ ఆనించి వరసగా కట్టిన ఇల్లు, డాబా ఇల్లు కాదు. పిట్టగోడ పారాపెట్. అరుగుకి ఒక్క మాట వెతక్కండి, ‘ఎ రెయిజ్డ్ ప్లాట్‌ఫామ్ బై ద ఫ్రంట్ డోర్’ అని విడమరచండి.

గోదారిగట్టు: పేర్లకన్నా క్రియలే మార్కులు తెస్తాయి. రాజమండ్రి గట్టు రోడ్డు ‘రన్స్ అలాంగ్ ద రివర్’. సందు రేవులోకి దిగితే ‘లీడ్స్ డౌన్ టు ద రివర్’. రెండు పక్కలా కొట్లుంటే ‘లైన్డ్ విత్ షాప్స్’. మేడ మీంచి గోదారి కనబడితే ఆ మేడ ‘ఓవర్‌లుక్స్ ద రివర్’. గట్టుని ఎంబాంక్‌మెంట్ అనండి. సందు ఇరుగ్గా ఉంటే ‘స్మాల్’ కాదు, ‘నేరో’.

కొబ్బరాకు: ఫుట్‌పాత్‌ని పేవ్‌మెంట్ అనొచ్చా అండీ?

లాకుసెంటర్: బ్రిటన్ ఇంగ్లీషులో అయితే సరే. అమెరికాలో దాన్ని ‘సైడ్‌వాక్’ అంటారు, పేవ్‌మెంట్ అంటే అక్కడ రోడ్డు పైపొర. పరీక్షలో రెండూ చెల్లుతాయి. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే వాడండి.

అమలాపురం_మాస్టారు: కాలం కూడా చూసుకోండి. రాజమండ్రి దగ్గర గోదావరి మీదున్న పాత రైలు వంతెన హేవలాక్ మీద 1900లో రైళ్ళు మొదలయ్యాయి, 1997లో ఆగాయి. కాబట్టి ‘ఇట్ క్యారీడ్ ట్రెయిన్స్ అంటిల్ 1997’, కానీ ‘ఇట్ స్టిల్ స్టాండ్స్ అక్రాస్ ద గోదావరి’. ఒకే కట్టడానికి భూతకాలం, వర్తమానం రెండూ వాడే వీలు దొరికింది. మెయిన్ రోడ్డులో మూతపడ్డ పాత కట్టడం ఏదున్నా ఇలాగే చెప్పొచ్చు.