ఇంట్లోనే ఆర్‌సీఏ కేబుల్ చేసుకోవాలంటే: మిగిలిన డిష్ వైరు పనికొస్తుందా?

క్లాక్‌టవర్_అనంతపురం:

అన్నలారా, డాక్ (ల్యాప్‌టాప్ నుంచి వచ్చే డిజిటల్ పాటను ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె) నుంచి ఆంప్లిఫయర్‌కు మీటరు పొడవు ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు పిన్నుల ఆడియో) కేబుల్ జత ఒకటి కావాల. రెడీమేడ్‌ది ఒకటి తెస్తే నెల తిరక్కుండా ఎడమ ఛానెల్ పోయింది. కోసి చూస్తే మధ్యలో ఏడెనిమిది సన్న పోగులు, షీల్డ్ (బయటి అలజడిని ఆపే పొర) పేరుతో ఇంకో పది పోగులు ఒక పక్కకు చుట్టి ఉన్నాయి. అల్లిక అన్నదే లేదు. అందుకే సొంతంగా చేసుకునేకి పూనుకున్నా.

డిష్ బిగించినప్పుడు మిగిలిన ఆర్‌జీ-6 వైరు ఆరేడు మీటర్లు ఇంట్లో ఉంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ ఉన్నాయి. ఆ డిష్ వైరుతో చేసేకి అవుతుందా? కాకపోతే ఏ వైరు, ఏ పిన్నులు తీసుకోవాల? షీల్డ్‌ను రెండు చివర్లా కలపాలని ఒకరు, ఒక చివరే కలపాలని ఒకరు చెప్తున్నారు, ఏది నిజం? రేపు టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కొంటే ఇదే కేబుల్ దానికీ సరిపోతుందా? వచ్చే వారం బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోతున్నా, తెచ్చుకోవాల్సినవి ఇప్పుడే చెప్తే మళ్లీ తిరిగే పని ఉండదు.


పెన్నా_బెంచ్ (కడప):

డిష్ వైరు వద్దన్నా. ధ్వని చెడిపోతుందని కాదు, సోల్డర్ పట్టదు. మామూలుగా దొరికే ఆర్‌జీ-6లో పైన అల్లిక, రేకు రెండూ అల్యూమినియమే. దాని మీద ఎప్పుడూ ఆక్సైడ్ పొర ఉంటుంది, మనం వాడే లెడ్డు (సోల్డర్ తీగ) గోళీలా జారిపోతుంది. అది ఎఫ్ కనెక్టర్ (డిష్ వైరు చివర ఉండే మర పిన్ను) నొక్కి బిగించడానికి చేసిన వైరు. మధ్య తీగకు అయస్కాంతం పెట్టి చూడు, అతుక్కుంటే లోపల ఉక్కు, పైన రాగి పూత.

సీసీటీవీ షాపులో "3+1" (మూడు సన్న వైర్లు, ఒక షీల్డ్ వైరు కలిసిన) వైరు చూపిస్తారు, అది కూడా వద్దు. అల్లిక రాగి రంగులోనే కనపడుతుంది గానీ ఒక పోగు తీసి బ్లేడుతో గీకు. లోపల తెల్లగా తేలితే రాగి పూసిన అల్యూమినియం. రెండు సార్లు వంచితే తెగిపోతుంది.

అడగాల్సింది ఇది: ఆర్‌జీ-59 (డిష్ వైరు లాంటిదే ఇంకో రకం), మధ్య తీగ రాగి, అల్లిక రాగి, నిండుగా అల్లినది. లేదంటే మంచి మైక్ కేబుల్, మొగామి 2534 గానీ కనారే ఎల్-4ఈ6ఎస్ గానీ. ఆ రెండూ 6 మి.మీ. లావు. పిన్నులు కొనేటప్పుడు జేబులో వైరు ముక్క పెట్టుకొని పో, వెనక రంధ్రంలో దూరుతుందో లేదో అక్కడే చూసుకో. ఆర్‌జీ-59 కూడా ఇంచుమించు అదే లావు. చవక పిన్నుల్లో సగానికి 4 మి.మీ. దాటితే దూరదు. రీన్ కంపెనీ పిన్నులు దొరికితే కళ్లు మూసుకొని తీసుకో.

లెడ్డు 60/40, 0.8 మి.మీ., లోపల ఫ్లక్స్ ఉన్నది. చిన్న డబ్బీలో అమ్మే పసుపు పేస్ట్ ఈ పనికి వాడొద్దు. దాంట్లో యాసిడ్ ఉంటే ఆరు నెలలకు సోల్డర్ చేసిన కీలు దగ్గర పచ్చగా తుప్పు పడుతుంది. వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ స్లీవు సన్నది 3 మి.మీ., లావుది 8 మి.మీ., చెరో మీటరు చాలు.

ఇక పని. వైరు 1.05 మీటర్లవి రెండు కొయ్యి. మొట్టమొదట పిన్ను వెనక టోపీ, తర్వాత 8 మి.మీ. స్లీవు వైరుకు ఎక్కించు. ఈ వరసలో ఎక్కించకుండా సోల్డర్ చేస్తే అంతా అయినాక ఊడదీయాల్సిందే, ఎంత అనుభవం ఉన్నా ఇది జరుగుతుంది.

పై తొడుగు 20 మి.మీ. తియ్యాల. బ్లేడు పూర్తిగా దించొద్దు, చుట్టూ సగం లోతు గీత పెట్టి అక్కడ వంచితే తొడుగు తనంతట తానే చిట్లుతుంది, అల్లిక పోగులు తెగవు. అల్లికను సూదితో జడ విప్పినట్టు విప్పి, అన్ని పోగులూ ఒక పక్కకు తెచ్చి మెలిపెట్టు. ఒక్క పోగు కూడా పక్కకు లేచి ఉండకూడదు. మధ్య తీగ మీద ప్లాస్టిక్ 5 మి.మీ. తియ్యి. అల్లిక మొదలు నుంచి ప్లాస్టిక్ కనీసం 3 మి.మీ. ముందుకు పొడుచుకొని ఉండాల, షార్ట్ కాకుండా కాపాడేది ఆ 3 మి.మీ. ముక్కే.

సోల్డర్ చేసేటప్పుడు పిన్నును ఖాళీగా పట్టుకోవద్దు. పాత సెట్టు నుంచి తీసిన ఆర్‌సీఏ సాకెట్ ఒకటి చెక్కకు బిగించి, పిన్ను దాంట్లో గుచ్చి చెయ్యి. వేడికి లోపలి ప్లాస్టిక్ మెత్తబడినా మధ్య పిన్ను పక్కకు ఒరగదు. ముందు పిన్ను గిన్నెలో కాస్త లెడ్డు నింపు, తీగకూ పూత పెట్టు, అప్పుడు రెండూ కలిపి వేడి చేస్తే 2 సెకన్ల పని. గ్రౌండ్ రెక్క లావుగా ఉంటుంది, వేడి గుంజుకుంటుంది. నికెల్ పూత మీద బ్లేడుతో కొంచెం గీకి, ఐరన్ బిట్టు మొనను కాకుండా దాని పక్క భాగాన్ని ఆనించి 4, 5 సెకన్లు పట్టుకో. లెడ్డు నీళ్లలా పారి పోగుల సందుల్లోకి ఇంకితే అయినట్టు. గుండుగా ముద్దకట్టి నిలబడితే అది పట్టలేదు.

ఇంకొకటి, ఫ్యాను ఆపెయ్యి. మే నెలలో మన దగ్గర ఫ్యాను ఆపాలంటే కష్టమే గానీ, ఆ గాలికి 25 వాట్ల బిట్టు చల్లబడుతుంది, గ్రౌండ్ కీలు బూడిద రంగులో పొడిపొడిగా వస్తుంది. పది నిమిషాలు ఓర్చుకుంటే చాలు. కిటికీ మాత్రం తెరిచి పెట్టు, ఆ పొగ పీల్చకూడదు. పని అయినాక చేతులు కడుక్కో, లెడ్డులో సీసం ఉంటుంది.

చివర్లో క్లాంపును పై తొడుగు మీద నొక్కు, రాగి మీద కాదు. లాగితే భారం తొడుగు మీద పడాల గానీ కీలు మీద పడకూడదు. వైరు సన్నగా ఉండి క్లాంపు పట్టకపోతే కింద స్లీవు రెండు పొరలు వేసుకో.


తుంగభద్ర_ఆడియో (కర్నూలు):

పై పోస్టులో పని అంతా ఉంది. షీల్డ్ సంగతి నేను చెప్తా, ఎందుకంటే ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే.

ఆర్‌సీఏలో సిగ్నల్ మధ్య తీగలో పోయి షీల్డ్ గుండానే వెనక్కి వస్తుంది. రెండు పెట్టెల చాసీల (లోహపు డొక్కుల) మధ్య పారే లీకేజీ కరెంటు కూడా అదే షీల్డ్‌లో పారుతుంది. ఆ కరెంటు 100 మైక్రో ఆంపియర్లు అనుకుందాం. షీల్డ్, రెండు చివర్ల కీళ్లు కలిపి 0.1 ఓం ఉంటే పడే వోల్టేజీ 10 మైక్రోవోల్టులు. డాక్ పూర్తి అవుట్‌పుట్ 2 వోల్టులనుకుంటే హమ్ (కరెంటు బుర్రుమనే శబ్దం) దానికన్నా 106 డెసిబెల్స్ కింద ఉంటుంది, వినపడదు. అదే గ్రౌండ్ కీలు సరిగా పట్టక 5 ఓంలు అయిందనుకోండి, హమ్ 500 మైక్రోవోల్టులు, 72 డెసిబెల్సే కింద. రాత్రి వీధి సద్దుమణిగినాక స్పీకర్ దగ్గర కూర్చుంటే వినపడుతుంది. మధ్య తీగ రాగి ఎంత శుద్ధమైనదన్న దాని మీద డబ్బు పోయొద్దు. అవతల ఆంప్ ఇన్‌పుట్ 10 వేల ఓంలో 47 వేల ఓంలో ఉంటుంది, తీగలో 0.1 ఓం తేడా దాని ముందు లెక్కలోకి రాదు. నిండు అల్లిక, గట్టి గ్రౌండ్ కీలు, పిన్ను బయటి రింగు బిగువు, ఈ మూడింటి మీదే ఖర్చు పెట్టండి.

ఒక చివరే షీల్డ్ కలిపే పద్ధతి రెండు కోర్ల వైరుకు సంబంధించింది. ఒక కోరు సిగ్నల్‌కు, ఒక కోరు రిటర్న్‌కు వాడి, షీల్డ్‌ను డాక్ వైపు మాత్రమే కలుపుతారు. కేబుల్ మీద బాణం గుర్తు ఉండేది అందుకే. అయితే 0.2 చ.మి.మీ. కోరు మీటరుకు 0.086 ఓం ఉంటుంది, నిండు అల్లిక అంతకన్నా చాలా తక్కువ. ఇప్పుడే చెప్పిన లెక్క ప్రకారం రిటర్న్ నిరోధం పెరిగితే హమ్ పెరుగుతుంది. కాబట్టి మైక్ కేబుల్ వాడినా నా మాట వేరు: రిటర్న్ కోరును, షీల్డ్‌ను కలిపి మెలిపెట్టి రెండు చివర్లా గ్రౌండ్‌కే సోల్డర్ చేయండి. నాలుగు కోర్లదైతే నీలం రెండూ ఒక జత, తెలుపు రెండూ ఒక జత. నీలం సిగ్నల్‌కు, తెలుపు షీల్డ్‌తో పాటు గ్రౌండ్‌కు. సాధారణ ఆర్‌జీ-59తో చేస్తే షీల్డ్ రెండు చివర్లా కలపాల్సిందే. ఒక చివర వదిలేస్తే రిటర్న్ దారే ఉండదు, గట్టిగా బుర్రుమంటుంది.

కొన్ని గిటార్ కేబుళ్లలో అల్లిక కింద ఉల్లిపొరలా పలచటి నల్ల ప్లాస్టిక్ ఉంటుంది. అది కార్బన్ కలిపిన పొర, కరెంటు పారుతుంది. కదిలించినప్పుడు గరగరలు రాకుండా పెడతారు. దాన్ని మధ్య తీగ మీద నుంచి పూర్తిగా గీకేయకపోతే సిగ్నల్ గ్రౌండ్‌కు లీకవుతుంది, సౌండ్ మందంగా, తక్కువగా వస్తుంది. మల్టీమీటర్ బీప్ కొట్టదు కాబట్టి షార్ట్ లేదని వదిలేస్తారు. ఓం రేంజ్ పెద్దది పెట్టి చూడండి.

టర్న్‌టేబుల్‌కు కెపాసిటెన్స్ (తీగకూ షీల్డ్‌కూ మధ్య చార్జి నిలిచే గుణం) చూసుకోవాల. లోపల గట్టి ప్లాస్టిక్ ఉన్న ఆర్‌జీ-59 మీటరుకు సుమారు 67 పికో ఫారడ్, నురగ ప్లాస్టిక్‌దైతే ఇంకా తక్కువ. నాలుగు కోర్ల మైక్ కేబుల్‌లో చాలా ఎక్కువ. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (రికార్డు మీద ఆనే ముల్లు ఉండే భాగం) కాయిల్ 500 మిల్లీహెన్రీలనుకుంటే, టోన్‌ఆర్మ్ తీగ, కేబుల్, ప్రీఆంప్ అన్నీ కలిపి 200 పికో ఫారడ్ దగ్గర రెజొనెన్స్ 16 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది. 400 అయితే 11 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. ఆ పైన తాళాల మోత, వయొలిన్ మీది మెరుపు పోతాయి. కాబట్టి టర్న్‌టేబుల్‌కు ఆర్‌జీ-59, అదీ మీటరు లోపే. డాక్‌కు ఈ బాధ లేదు. దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 1000 ఓంలున్నా 200 పికో ఫారడ్‌కు కోత మొదలయ్యేది దాదాపు 800 కిలోహెర్ట్జ్ దగ్గర.


క్లాక్‌టవర్_అనంతపురం:

ఆర్‌జీ-59తోనే చేసినాను, రీన్ పిన్నులు దొరికినాయి. కుడిది బ్రహ్మాండం. ఎడమ దాంట్లో మధ్య పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య బీప్ వస్తాంది. వంచితే పోతుంది, వదిలితే మళ్లీ వస్తాంది. ఇంకొకటి, ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు రెండు స్పీకర్లలోనూ సన్నగా హమ్. చార్జర్ తీసేస్తే లేదు.


పెన్నా_బెంచ్ (కడప):

వంచితే మారుతోందంటే రెండిట్లో ఒకటి. మధ్య తీగ దగ్గర ఐరన్ ఎక్కువసేపు పెట్టినావేమో, నురగ ప్లాస్టిక్ కరిగి తీగ పక్కకు జరిగి అల్లికకు తగులుతోంది. లేకపోతే ఒక పోగు లేచి ఉంది. ఏ చివరో తెలుసుకోవాలంటే మీటరు పెట్టి ఒక్కో పిన్ను దగ్గర 5 సెం.మీ. దూరంలోనే వంచు, బీప్ ఏ చివర వంచితే మారుతోందో అదే. టోపీ విప్పి వెలుతురులో చూడు. ప్లాస్టిక్ మొదలు పుట్టగొడుగు తలలా ఉబ్బి ఉంటే కరిగినట్టే. దాన్ని అతుకులు వేసి బాగుచేయొద్దు, 3 సెం.మీ. కోసేసి మళ్లీ చెయ్యి. 1.05 మీటర్లు కొయ్యమన్నది అందుకే. రెండో దాని పొడవు కూడా అంతే తగ్గించాలన్న నియమం ఏమీ లేదు, 3 సెం.మీ. తేడా చెవికి తెలియదు.


తుంగభద్ర_ఆడియో (కర్నూలు):

హమ్ మీ కేబుల్ తప్పు కాదు. చార్జర్ లీకేజీ కరెంటు యూఎస్‌బీ గుండా డాక్‌కు, అక్కడి నుంచి మీ షీల్డ్ గుండా ఆంప్ ఎర్త్‌కు పోతోంది. ముందు ల్యాప్‌టాప్ చార్జర్, ఆంప్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెచ్చి చూడండి. తగ్గకపోతే, డాక్‌కు ఆప్టికల్ ఇన్‌పుట్, ల్యాప్‌టాప్‌కు ఆప్టికల్ అవుట్‌పుట్ రెండూ ఉంటే దాంతో కలపండి. అది లేకపోతే డాక్, ఆంప్ మధ్య 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు. ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా తీయొద్దు. హమ్ పోతుంది గానీ లోపల ఏదైనా షార్ట్ అయితే 230 వోల్టులు చాసీ మీదికి వస్తాయి. ఇంటి ఎర్త్ గుంతలో ఎండాకాలం నీళ్లు పోస్తున్నారా కూడా చూడండి. మన రాతి నేలలో ఎండిపోతే ఎర్త్ ఉన్నట్టే ఉండి పని చేయదు, పెట్టె ముట్టుకుంటే చిమచిమలాడుతుంది.

ఇంకో పరీక్ష: మిగిలిన పిన్ను ఒకటి తీసుకొని మధ్య, గ్రౌండ్ రెండూ సోల్డర్‌తో కలిపేసి ఆంప్ ఇన్‌పుట్‌కు మాత్రమే గుచ్చండి, డాక్ అవుట్‌పుట్‌కు కాదు. అప్పటికీ హమ్ ఉంటే తప్పు ఆంప్ లోపలే ఉంది. ఫిల్టర్ కెపాసిటర్ పాతబడితే 100 హెర్ట్జ్ బుర్రు వస్తుంది, పైన చెప్పిన లీకేజీ హమ్ 50 హెర్ట్జ్‌లో ఇంకా లోతుగా ఉంటుంది. పిన్నులు మార్చేటప్పుడు ప్రతిసారీ ఆంప్ ఆఫ్ చేయండి. ఆర్‌సీఏలో గ్రౌండ్ కన్నా ముందు మధ్య పిన్నే తగులుతుంది, ఆ క్షణంలో వచ్చే మోతకు ట్వీటర్ (పై స్వరాల చిన్న స్పీకర్) కాలిపోవచ్చు.


క్లాక్‌టవర్_అనంతపురం:

డాక్ వైపు చివరే అన్నా, ప్లాస్టిక్ ఉబ్బి ఉంది. కోసి మళ్లీ చేసినా, ఈసారి ఫ్యాను ఆపి. మీటర్ తీగల నిరోధం తీసేస్తే గ్రౌండ్ నుంచి గ్రౌండ్‌కు రెండిట్లోనూ 0.1 చూపిస్తాంది, వంచినా కదలడంలేదు. చార్జర్‌ను ఆంప్ ఉన్న బోర్డుకే మార్చినా, హమ్ సగానికి పైగా తగ్గింది. ల్యాప్‌టాప్‌కు ఆప్టికల్ లేదు, ట్రాన్స్‌ఫార్మర్ తెప్పిస్తాండా.