ఐఐటీ జామ్ గణితానికి డిగ్రీ పుస్తకాలు సరిపోతాయా?

సందేహం:
నమస్కారమండీ. బీఎస్సీ ఎంపీసీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఫిబ్రవరిలో జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు కోసం రాసే ప్రవేశ పరీక్ష) రాయాలని ఉంది. సెమిస్టర్ పరీక్షల్లో మార్కులకు లోటు లేదు, ఏ సిద్ధాంతం అడిగినా నిరూపణతో రాసేస్తాను. జామ్ పాత ప్రశ్నపత్రం ముందేసుకుంటే మాత్రం సగం ప్రశ్నలకు ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. కొత్త పుస్తకాలు కొనాలా?

జవాబు:
ఇప్పుడే డబ్బు తగలేయకండి. రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, గ్రూపులు, అవకలన సమీకరణాలు మీరు చదివినవే. రెండు మూడు చలరాశుల కలనగణితం ఒక్కటి మళ్లీ చూడండి.

తేడా అంతా అడిగే తీరులోనే. సెమిస్టర్‌లో లగ్రాంజ్ సిద్ధాంతం (ఉపగ్రూపు మూలకాల సంఖ్య గ్రూపు మూలకాల సంఖ్యను భాగిస్తుందనేది) నిరూపించమంటారు. ఇక్కడ దాని విపర్యయం నిజమేనా అని మెలిక పెడతారు. ఏ4 గ్రూపులో (నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల గ్రూపు) 12 మూలకాలున్నా, 6 మూలకాల ఉపగ్రూపు లేదని తెలిసినవారికి అది అర నిమిషం పని. మరొకటి: ఎక్స్ వర్గాన్ని సైన్(1/ఎక్స్)తో గుణించండి, సున్నా దగ్గర విలువ 0 అనుకోండి. ఈ ప్రమేయానికి అన్నిచోట్లా అవకలజం ఉంది. కానీ సున్నాకు చేరువయ్యేకొద్దీ ఆ అవకలజంలోని కాస్(1/ఎక్స్) +1, −1 మధ్య ఊగుతూనే ఉంటుంది. అందుకే అవకలజం సున్నా దగ్గర అవిచ్ఛిన్నం కాదు. ప్రతి సిద్ధాంతంలోనూ ఒక్కో షరతు తీసేసి, అది ఎక్కడ కూలుతుందో చూపే ఉదాహరణను నోట్సులో రాసుకోండి. నా లెక్కలో కొత్త పుస్తకం కన్నా ఆ నోట్సుకే విలువెక్కువ.

సందేహం:
చాలా సంతోషమండీ. నెగెటివ్ మార్కులంటే భయంగా ఉంది. అనుమానం ఉన్నవి వదిలేయాలా?

జవాబు:
మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. కోత మొదటి 30 ప్రశ్నలకే, తప్పుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు పోతుంది. మిగతా 50 మార్కులకు కోతే లేదు, అక్కడ ఖాళీ వదలకండి. అయితే ఒకటికి మించి సరైన జవాబులుండే 10 ప్రశ్నలతో జాగ్రత్త. సరైనవి మూడుంటే రెండే గుర్తించినవారికి దక్కేది సున్నా. సంఖ్య టైప్ చేసే చివరి 20 ప్రశ్నలు ముందు పట్టుకోమంటాను.

మరొకరు:
సొంత క్యాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు, తెర మీద కనిపించేదే వాడాలి. మౌసుతో ఒక్కో అంకె నొక్కడం చిరాకు పని, ఇంట్లోనే అలవాటు చేసుకోండి.